స్త్రీవేషము, ప్రజాదృష్టి, స్వీయచిత్రణము

స్త్రీవేషము దాల్చిన పురుషుని తెలుగుదేశము రెండు విధముల చూచినది. రంగస్థలమున బిరుదములిచ్చినది, వీథిలో కారాగారము చూపినది. ఈ భేదమునకు గల కారణమును, చూడబడినవారు తమ్ము తామే చిత్రించుకొనిన క్రమమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

కూచిపూడి సంప్రదాయమున సత్యభామ పాత్రను తరతరములుగ పురుషులే ధరించిరి. ఆ పాత్రవలన విఖ్యాతుడైన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) 1970లో పద్మశ్రీ పొందెను. నాటకరంగమున స్త్రీపాత్రలకు పేరెన్నికగన్న స్థానం నరసింహారావు (1902–1971) 1956లోనే ఆ గౌరవమందెను. వేషమునుబట్టి ఈ నటుల ఆంతరంగిక స్వభావమును నిర్ణయింపబూనుట శాస్త్రీయము కాదు. ఇచట గమనింపదగినది ప్రేక్షకుల విశ్వాసము. తెర పడిన పిమ్మట నటుడు రంగు కడిగి, పురుషుడుగనే ఇంటికి మరలునని సభ యెరుగును. వేషమునకు లభించిన మన్నన యెల్ల ఈ విశ్వాసముపై ఆధారపడినది.

రంగు కడుగనివారి గతి వేరు. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల చట్టము వెలువడినది. బాలుర నపహరింతురనియో, అసహజ నేరములు చేయుదురనియో అనుమానింపబడిన హిజ్రాల పేర్లను, నివాసములను పట్టికలో చేర్పవలెనని అది విధించినది. పట్టికకెక్కినవారు స్త్రీవస్త్రాభరణములతో వీథిలో కనబడినను, వీథిలోనివారికి కనబడు తలంపుతో వేరొకచోట నిలిచినను, బహిరంగముగ నాట్యమాడినను, వాద్యము వాయించినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. శిక్ష రెండేండ్లవరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. ఇందు 'కనబడు తలంపు' అను అంశము మిక్కిలి విచార్యము. పరుల కంటబడవలెనను కోరికనే ఈ శాసనము నేరముగ నెంచినది.

ఈ శాసనమునకు పొలిమేర కలదు. శిల్పులకు ప్రసిద్ధమైన ఆళ్లగడ్డ నాడు మదరాసు రాజధానిలోని కర్నూలు జిల్లాకు చెందియుండుటచే, అచట నిజాము చట్టము చెల్లదు. అచట నున్నది 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను. అది లైంగికక్రియను దండించినదే కాని చీరను నిషేధింపలేదు. 1956లో ఆళ్లగడ్డయు హైదరాబాదును ఒకే రాష్ట్రమున చేరినను, పాత చట్టము తెలంగాణ ప్రాంతమున నిలిచియే యుండెను. 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షనునుండి వయోజనుల పరస్పరసమ్మత సంబంధములను తొలగించినది. నపుంసకుల చట్టమును వి. వసంత మొగ్లి ప్రభృతుల వ్యాజ్యమున తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది.

పోలీసు పట్టిక పరులు గీసిన చిత్రము. దానికి సమాధానము స్వీయచిత్రము. 1960 దశకాంతమున చేతబట్టుకొని పోదగిన వీడియో కెమెరా లభించినంతనే, పాశ్చాత్య కళాకారులు పలువురు దానిని తమవైపు త్రిప్పి, తెరనే అద్దముగ చేసికొనిరి. మన ప్రాంతమున ఆ పని ముందుగ అక్షరము చేసినది. తమిళనాటి హిజ్రా రచయిత్రి ఎ. రేవతి తన జీవితమును తానే వ్రాసెను. పి. సత్యవతి దానిని 'ఒక హిజ్రా ఆత్మకథ'గ తెనిగించి, 2019 సంవత్సరమునకు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారమందెను. ఇందు చూడబడిన వ్యక్తియే చూచు వ్యక్తి.

కావున పరిశోధకులు పట్టికను సాక్ష్యముగ గ్రహించునపుడు, అది ముఖ్యముగ వ్రాయించిన ప్రభుత్వపు శంకలకు సాక్ష్యమని గుర్తింపవలెను. అందు పేరును, నివాసమును మాత్రమే మిగిలిన మనుష్యుల బ్రదుకు తెలియుటకు వారి ఆత్మకథలను, స్వయముగ చిత్రించుకొనిన దృశ్యములను సేకరించుట తెలుగు శాఖల కర్తవ్యము.