కెంటకీ గుఱ్ఱములు, ఒక విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయమనగానే మన మనసునకు తోచునవి గ్రంథాలయములు, ఉపన్యాసశాలలు, పట్టప్రదానోత్సవములు. గుఱ్ఱపుసాలతో దానికి పొత్తేమని శ్రోతలు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కెంటకీ రాష్ట్రపు కథ నొకదానిని మనవి చేయదలచినాము. ఈ కథలో పందెములు గెలిచిన గుఱ్ఱములకంటె, పుట్టకయే పోయిన గుఱ్ఱపుపిల్లలకు ఎక్కువ చోటున్నది. అచ్చటి విశ్వవిద్యాలయము నూరేండ్లకు పైగా ఒక్క ప్రశ్నను విడువక వెంటాడినది. చూలుతోనున్న గోడిగలు ఏల ఈచుకపోవుచున్నవి?

కెంటకీ నడుమ లెక్సింగ్టన్ అను పట్టణము కలదు. దాని చుట్టునున్న నేల సున్నపురాతి నేల. ఆ రాతిలోని సున్నము, భాస్వరము నీటిలోనికిని పచ్చికలోనికిని చేరి, అచట మేసిన పిల్లల ఎముకలను గట్టిపరచునని అచ్చటివారి విశ్వాసము. అందుచేతనే పందెపు గుఱ్ఱములలో శ్రేష్ఠమని పేరుపొందిన థరోబ్రెడ్ జాతిని పెంచు కామందులు తరతరములుగా అక్కడ స్థిరపడిరి. పట్టణపు టంచున కీన్లండ్ అను పందెపు మైదానమును, దానితోపాటు పెద్ద అంగడియు ఉన్నవి. ఈ అంగడి పుట్టుక వింతయైనది. యుద్ధకాలములో రైళ్లపై ఆంక్షలు వచ్చుటచే ఏడాది పిల్లలను న్యూయార్కు రాష్ట్రములోని సారటోగా వేలమునకు పంపుట కుదరక, 1943లో వాటిని ఇంటివద్దనే అమ్మిరి. 1985లో అదే అంగడిలో ఒక ఏడాది పిల్ల 1 కోటి 31 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. అప్పటికి దాని వీపుపై ఎవడును ఎక్కి పందెము తోలియుండలేదు. మన పూర్వులు సుడులను, వర్ణమును చూచి గుఱ్ఱమును కొనిరి. కెంటకీవారు వంశవృక్షమును చూచి కొందురు. రెండింటిలో ఏది ఎక్కువ శాస్త్రీయమో చెప్పుట కొన్ని వేళల కష్టమే.

ఇంత వెలగల పిల్ల తల్లి కడుపులో పదునొకండు నెలలుండును. ఉత్తరార్ధగోళములో పుట్టిన థరోబ్రెడ్డు లన్నిటికిని జనవరి 1వ తేదీయే పుట్టినరోజని లెక్క. కావున ఫిబ్రవరి నడుమనుండి వేసవి తొలినాళ్లలోపల గోడిగ చూలు నిలుపుకొనవలెను. అది ఈచుకపోయినచో ఏడాది యంతయు పోయినట్లే. అదియును గాక, ఈ జాతిలో కృత్రిమ గర్భధారణను నమోదు సంస్థ అంగీకరింపదు. గోడిగ విత్తనపు గుఱ్ఱము కడకు స్వయముగా పోవలసినదే. ఒక్క మేటి గుఱ్ఱము కడకు ఒక్క ఋతువులో నూరుకు మించిన గోడిగలు ఎందరెందరివో సాలల నుండి వచ్చి, తిరిగి ఆ సాలలకే పోవుచుండును. రోగము దారి పట్టుట కింతకంటె అనువైన ఏర్పాటు ఉండునా?

ఇక విశ్వవిద్యాలయము మాట. 1862లో అమెరికా ప్రభుత్వము వ్యవసాయమును, యంత్రవిద్యను నేర్పు కళాశాలలకు భూములిచ్చు చట్టము చేసెను. దాని ఫలముగా 1865లో లెక్సింగ్టనులో వ్యవసాయ కళాశాల వెలసెను. 1885లో దానికి పరిశోధన కేంద్రము తోడయ్యెను. 1916లో అదియే కెంటకీ విశ్వవిద్యాలయమను పేరు పొందెను. ఇంత గుఱ్ఱముల నడుమనుండియు దీనికి పశువైద్య పట్టమిచ్చు కళాశాల లేదు! ఆ రాష్ట్రపు విద్యార్థులు పశువైద్యము చదువుటకు అలబామా రాష్ట్రములోని ఆబర్న్, టస్కీగీ విద్యాలయములకు పోవుదురు. లెక్సింగ్టనులో నున్నది పరిశోధన చేయు శాఖ మాత్రమే. ఈ లోటు మేలుకే వచ్చినదని మా తలపు. పాఠములు చెప్పు భారము తక్కువైనందున అచ్చటి శాస్త్రజ్ఞులు సాలలలోనే కాలము గడిపిరి. చచ్చి పుట్టిన పిల్లను బండిలో వేసికొని తెచ్చిన కామందునకు వారి ప్రయోగశాల తలుపు అరగంట దూరములో నుండెడిది.

మొదట ఆ తలుపు తెరచినవాడు ఈ. ఎస్. గుడ్. 1910 దశకపు ఆరంభమున సాలలను పట్టి పీడించిన గర్భస్రావములకు కారణమైన సూక్ష్మజీవిని ఆయన మృతపిండములనుండి వేరుచేసి వర్ణించెను. 1893లోనే థియొబాల్డ్ స్మిత్ అను ప్రసిద్ధ శాస్త్రవేత్త ఆ జాతి జీవినే చూచియుండెను గాని, కెంటకీ సాలలలోని నష్టమునకు దానిని ముడిపెట్టినవాడు గుడ్. సాలలను శుభ్రపరచుట, రోగపు గోడిగను వేరుగా కట్టుట మొదలైనవి ఆచారములైనవి. సమస్య తీరినదని పలువురు తలచిరి.

అది తీరలేదు. సూక్ష్మదర్శినిలో ఏ జీవియు కానరాని పిండములు వచ్చుచునే యుండెను. 1919లో పశువిజ్ఞాన శాఖలో చేరిన విలియం డిమాక్, ఫిలిప్ ఎడ్వర్డ్సు అను సహచరునితో కూడి వీటిని పరీక్షించెను. ఆ పిండముల రసమును సూక్ష్మజీవులు దాటలేని వడపోత గుండా వంచి ఇచ్చినను గోడిగ ఈచుకపోయినది. అనగా అంతకంటె చిన్నదేదో ఉన్నది. 1933లో వారు ప్రకటించిన చిన్న నివేదిక శీర్షికయే ఒక ప్రశ్న: గోడిగలలో గర్భస్రావమునకు వడపోతను దాటు వైరసు కలదా? తాము కనుగొన్నదానిని ప్రశ్నరూపమున చెప్పిన ఆ వినయము మాకు మిక్కిలి నచ్చినది. ఈ ఎడ్వర్డ్సే తరువాత ప్రేగుజ్వరపు కుటుంబమునకు చెందిన సూక్ష్మజీవుల వర్గీకరణలో లోకప్రసిద్ధు డయ్యెను.

ఆ వైరసు చేయు మోసము మరి ఇరువదియేండ్లకు గాని బయటపడలేదు. లెక్సింగ్టనులోనే డాల్, బ్రయన్సు అనువారు 1950 దశకములో దీనిని తేల్చిరి. పాలు మాన్పిన పిల్లలు చలికాలమున ముక్కు కారుచు దగ్గును. నాలుగు దినములలో కోలుకొనును, ఎవరును పట్టించుకొనరు. ఆ పడిసెమును, గోడిగల గర్భస్రావమును తెచ్చునది ఒక్క వైరసే! పిల్లలతోపాటు మేసిన చూలు గోడిగ పైకి ఆరోగ్యముగనే యుండి, కొన్ని వారములకో నెలలకో హఠాత్తుగా ఈచుకపోవును. ఈ ఒక్క సంగతి తెలియుటతో సాల నడపు తీరే మారినది. చూలు గోడిగలను చిన్న మందలుగా విడదీసి, పిల్లలకు దూరముగా ఉంచవలెనని నియమ మేర్పడినది. తరువాత బ్రయన్సు తయారుచేసిన మృత వైరసు టీకా ఆ నియమమునకు తోడైనది. కంచె ఒకటి జరిపి కట్టుటవలన ఎన్ని పిల్లలు బ్రతికెనో!

1953లో ఒహాయో రాష్ట్రములో బ్యుసైరస్ అను ఊరి సాలలో మరియొక విధమైన గర్భస్రావము పుట్టినది. దాని నమూనాలనుండి డాల్, బ్రయన్సు వేరొక వైరసును పట్టిరి. చిన్న రక్తనాళముల గోడలను వాపెక్కించునది గనుక దానికి ధమనుల పేరే పెట్టిరి. ముప్పదియేండ్లు అది పుస్తకములలోనే యుండెను. 1984లో కెంటకీ థరోబ్రెడ్ సాలలలోనే విరుచుకుపడినది. అప్పుడు టిమనీ, మెక్కాలం అను విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపిన సంగతి కామందులకు చేదైనది. పైకి నిగనిగలాడుచు ఏ జబ్బును లేని విత్తనపు గుఱ్ఱము ఏండ్ల తరబడి తన వీర్యమున ఈ వైరసును మోయగలదు. లక్షల డాలర్ల గుఱ్ఱమును చూపి, రోగమునకు మూలమిదియే యని యజమానితో చెప్పుట సామాన్యమా? అన్యదేశములు కెంటకీ గుఱ్ఱములపై ఆంక్షలు పెట్టెను. తుదకు విత్తనపు గుఱ్ఱములకు టీకా, రక్తపరీక్ష నియమములైనవి. తనకు విరాళము లిచ్చువారికే చెడువార్త చెప్పవలసి వచ్చినపుడు విద్యాలయ మేమి చేయును అనుదానిలోనే దాని విలువ తెలియును.

విరాళముల మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. నేడు అచ్చట ఈ పరిశోధన జరుగు కేంద్రము 1987లో తెరువబడినది. దానికి మాక్స్‌వెల్ గ్లక్ అను ధనికుని పేరు పెట్టిరి. ఆయన ఆడువారి దుస్తుల దుకాణముల వర్తకుడు, గొప్ప గుఱ్ఱపుసాల యజమాని. 1957లో ఆయనను సింహళమునకు అమెరికా రాయబారిగా ప్రతిపాదించినపుడు, సెనేట్ సభ్యు డొకడు ఆ దేశపు ప్రధానమంత్రి పేరేమని అడిగెను. ఆయన చెప్పలేకపోయెను! రెండు దేశములలోను పత్రికలు నవ్వుకొనెను. అయినను ఆ పనికి పోయి, 1958 వరకు నిర్వహించెను. బండారనాయక పేరు నోరు తిరుగని వానిపేర వెలసిన కేంద్రము గుఱ్ఱపు రోగముల పేర్లన్నిటిని ఏకరువు పెట్టగలదు. 1995లో గుఱ్ఱపు జన్యువుల పటమును తయారుచేయ సంకల్పించిన పలుదేశముల శాస్త్రజ్ఞులు కూడినదియు లెక్సింగ్టనులోనే. ట్వైలైట్ అను గోడిగ సంపూర్ణ జన్యుక్రమము 2009లో ప్రకటితమైనది.

ధనికుల జూదమునకు విద్యను ఊడిగము చేయించుట తగునా యని ఆక్షేపించువారున్నారు. ఆక్షేపణ తోసివేయదగినది కాదు. కాని 2012లో విశ్వవిద్యాలయము పాల్గొని జరిపిన గణనలో ఆ రాష్ట్రమున 2,42,400 గుఱ్ఱజాతి పశువులు తేలగా, అందు థరోబ్రెడ్డులు 54,000 మాత్రమే. తక్కినవి ఇతర జాతులవి. వైరసునకు వెల తెలియదు. టీకాకును తెలియదు.

ఈ శాఖకు అన్నిటికంటె కఠినమైన పరీక్ష 2001లో వచ్చినది. ఏప్రిలు నెలాఖరున, కెంటకీ డెర్బీ పందెము దగ్గరపడుచున్న వేళ, నెలలు నిండిన గోడిగలు పిల్లను కనుటకు ముందే మావి ఎర్రసంచివలె వెలువడసాగినది. పిల్లలు చచ్చియో, కొన ఊపిరితోనో పుట్టెను. అదే వారములలో రెండు మూడు నెలల చూలుగల గోడిగలను ధ్వనితరంగముల యంత్రముతో చూడగా, ముందుమాటు కొట్టుకొనుచుండిన చిన్ని గుండె ఆగియుండెను. కొన్నిటికి గుండెను కప్పియుండు పొరలో నీరు చేరెను, కొన్నిటికి ఒక కన్ను తెల్లబడెను. రోగపరీక్షాలయము ముందు పిండములతో బండ్లు బారులు తీరెను. ఏ పాత వైరసును కాదు, ఏ పాత సూక్ష్మజీవియు కాదు. గోడిగలు సాల సాలకు పోవుటవలన వ్యాపించుచున్న గుర్తులును లేవు. ఒక్కుమ్మడిగా నాలుగుదిక్కుల పుట్టినది.

అనుమానములకు కొదువ యుండునా? గడ్డిలోని బూజు విషమని కొందరనిరి. ఆ వసంతమున ఎండలు ముందుగా వచ్చి, నడుమ మంచు పడినది గనుక పచ్చికయే చెడినదని కొందరనిరి. విశ్వవిద్యాలయమువారు కీన్లండులో సభలు పెట్టి తమకు తెలిసినది తెలిసినట్లు చెప్పిరి. మరొకవైపు సాలలనుండి వివరములు సేకరించిరి. పచ్చిక ఏది, నీరెక్కడిది, చెట్లేవి అని అడిగిరి. ఆ లెక్కలలో ఒక సంగతి పైకి తేలినది. గొంగళిపురుగులు!

ఆ ఏడు కెంటకీలో గుడారపు గొంగళి అను జాతి పురుగు ఎన్నడును లేనంతగా విజృంభించెను. అది నల్లచెర్రీ చెట్ల కొమ్మల నడుమ పట్టుగుడారము కట్టుకొని ఆకులు తినును. ఎదిగిన పిమ్మట చెట్టు దిగి కంచెలమీదను పచ్చికలోను పాకుచు పోవును. చెర్రీ ఆకులో సయనైడు విషము పుట్టించు పదార్థము కలదు. మన రైతులకీ సంగతి కొత్తదికాదు. లేతజొన్న మేసిన పశువు ఉబ్బి చచ్చుటకును ఆ విషమే కారణము. కావున తొలి అనుమానము సయనైడుపైననే పడినది. పరీక్షలలో అది నిలువలేదు.

అప్పుడు గుఱ్ఱముల శాస్త్రజ్ఞులు తమ పొరుగు శాఖయైన కీటకశాస్త్ర శాఖ తలుపు తట్టిరి. బ్రూస్ వెబ్ మొదలగువారు 2002లో చూలు గోడిగలను చిన్న దడులలో ఉంచి, కొన్నిటి పచ్చికలో పురుగులను విడిచిరి, కొన్నిటికి విడువలేదు. పురుగులున్న దడులలోని గోడిగలే ఈచుకపోయెను. తరువాతి పరీక్షలలో పురుగును భాగములుగా చేసి మేతలో కలిపిరి. లోని కండ, ప్రేగు హాని చేయలేదు. రోమములతో కూడిన పైతోలు మాత్రము హాని చేసినది. గొంగళిపురుగు సోకి చేయి దద్దురెక్కిన ప్రతి పల్లెటూరివానికి ఆ రోమముల పొగరు తెలియును. అవి గోడిగ ప్రేగుగోడలో గుచ్చుకొని, నోటను ప్రేగులోను సహజముగా నుండు సూక్ష్మజీవులకు నెత్తురులోనికి దారి తీయుననియు, తల్లి తట్టుకొన్నను పిండము తట్టుకొనలేదనియు థామస్ టోబిన్ ప్రతిపాదించెను. ఆ సిద్ధాంతము సందులేకుండ నిరూపితమైనదని చెప్పలేము. అయినను ఆస్ట్రేలియాలో మరియొక జాతి గొంగళివలన అట్టి నష్టమే కనబడినపుడు కెంటకీ నివేదికలే అచ్చటివారికి దారిచూపినవి.

2001 నష్టము సుమారు 33 కోట్ల 60 లక్షల డాలర్లని ఒక అంచనా. దాని నివారణోపాయము మాత్రము చౌకయైనది. పచ్చికబయళ్ల అంచులనున్న చెర్రీ చెట్లను పలువురు కామందులు కొట్టించివేసిరి. మిగిలిన చెట్లపై చలికాలమున ఆకులు రాలిన పిదప, సన్నని రెమ్మలను చుట్టుకొని మెరయుచుండు నల్లని గ్రుడ్ల పట్టెలను వెదకి కత్తిరించి వేయవచ్చును. ఒక్కొక్క పట్టెలో వందలకొలది గ్రుడ్లుండును. మార్చి నెలలో అవి పగులుటకు ముందే విశ్వవిద్యాలయపు కీటకశాస్త్రజ్ఞులు రెమ్మలు చూచి, పురుగు ఎంత రానున్నదో, చూలు గోడిగలను ఎప్పుడు పచ్చికనుండి తోలుకొని రావలెనో సాలలకు హెచ్చరిక పంపుదురు.