పామర్ అప్పు: పగ్గం ఎవరి చేతిలో?

ఇంగ్లీషు పాలనలో అధికారానికి చట్టమే పగ్గం వేసిందని మనకు బోధిస్తూ వచ్చారు. ఆ పగ్గం ఎవరి చేతిలో ఉండేదో తెలియాలంటే చార్మినారు నగరపు అప్పుల కథ చదవాలంటాను.

దేశీయ ప్రభువులకు ఆంగ్లేయులు అప్పులివ్వరాదని 1797లోనే పార్లమెంటు శాసించింది. గవర్నరు జనరలు అనుమతిస్తే మాత్రం ఇవ్వవచ్చు. కన్నం అక్కడే ఉన్నది. హైదరాబాదులోని విలియం పామర్ కంపెనీకి 1816లో లార్డ్ హేస్టింగ్స్ ఆ అనుమతి ప్రసాదించాడు. కంపెనీ భాగస్వామి రంబోల్డు ఎవరు? హేస్టింగ్స్ ఇంట పెరిగిన పిల్లకు భర్త!

నిజాం సర్కారును నడిపిన చందూలాల్ రెసిడెంటు అండతో నిలిచినవాడు. ఇంగ్లీషు అధికారుల కింది పటాలాల జీతాలకు అతడు అప్పు చేశాడు. వడ్డీ నూటికి ఇంచుమించు పాతిక. తీర్చవలసింది రైతు శిస్తు.

1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఈ గుట్టు విప్పాడు. నిజమే, పగ్గం బిగిసింది. కాని ఎవరికోసం? 1823లో ఈస్టిండియా కంపెనీ ఆ అప్పు తీర్చి, బదులుగా ఉత్తర సర్కార్లకై నిజాముకు ఏటా తానివ్వవలసిన 7 లక్షల పేష్కషును శాశ్వతంగా వదిలించుకున్నది. చందూలాల్ 1843 వరకు పదవిలోనే ఉన్నాడు. పాతబస్తీలో అతని బారాదరి పేరు నేటికీ నిలిచింది; శిస్తు కట్టిన రైతు పేరు ఏ వీధికీ లేదు.

పాలకులు ఒకరినొకరు అదుపు చేసుకోవడం ప్రజాస్వామ్యం కాదు. లెక్క అడిగే హక్కు పన్ను కట్టేవాడికి దక్కినప్పుడే అది పగ్గం.