ఉద్యోగుల జాబితా: లండన్ రిజిస్టర్ నుంచి క్లౌడ్ ఖాతా దాకా

ఒక ఉద్యోగి బదిలీ అయినా, రిటైరైనా ఆ సంగతి ముందుగా చేరాల్సింది ఆఫీసు జాబితాకు. జాబితాలో పేరు ఉన్నంత కాలం ఫైళ్లు తెరిచే హక్కూ ఉన్నట్టే. జాబితా ఒకచోట, దాని నకలు మరోచోట ఉంటే రెండింటినీ సరిపోల్చాలి. నేడు దీన్నే ‘డైరెక్టరీ సింక్’ అంటున్నారు. మాట కొత్తది, సమస్య పాతది.

కంపెనీ కాలం

1803 నుంచి లండన్‌లో ‘ఈస్ట్ ఇండియా రిజిస్టర్ అండ్ డైరెక్టరీ’ అచ్చయ్యేది. అందులో బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల ఉద్యోగుల పేర్లు, హోదాలు ఉండేవి. తెరచాప ఓడలో కబురు లండన్ చేరడానికి నెలలు పట్టే రోజులవి. కాబట్టి మద్రాసులో జరిగిన మార్పు లండన్ పుస్తకానికి ఎక్కేసరికి పాతబడిపోయేది.

కంప్యూటర్ కాలం

డైరెక్టరీలకు అంతర్జాతీయ ప్రమాణంగా 1988లో ఎక్స్.500 వచ్చింది. 1993లో మిషిగన్ యూనివర్సిటీలో దాని తేలిక రూపం ఎల్‌డ్యాప్ తయారైంది. 2000లో విండోస్ 2000తో పాటు మైక్రోసాఫ్ట్ ‘యాక్టివ్ డైరెక్టరీ’ విడుదల చేసింది. ఉద్యోగుల పేర్లు, పాస్‌వర్డులు అప్పటికి కంపెనీ సొంత సర్వర్‌లోనే ఉండేవి.

2011 జూన్‌లో ఆఫీస్ 365 రావడంతో మెయిల్, ఫైళ్లు బయటి డేటా సెంటర్లకు వెళ్లాయి. జాబితాలు రెండయ్యాయి. వాటిని కలపడానికి వచ్చిన ‘డిర్‌సింక్’ మామూలుగా 3 గంటలకోసారి నడిచేది. 2015లో వచ్చిన ‘అజూర్ ఏడీ కనెక్ట్’ దాన్ని 30 నిమిషాలకు తగ్గించింది. పాస్‌వర్డు మార్పులైతే 2 నిమిషాల్లోనే చేరతాయి. వెళ్లేది కూడా పాస్‌వర్డు కాదు, దాని హ్యాష్ మాత్రమే. ఇక్కడ అసలు ప్రతి కంపెనీ డైరెక్టరీయే. పేరో హోదానో తప్పుంటే అక్కడే దిద్దాలి, క్లౌడ్ దాన్ని అనుసరిస్తుంది.

ప్రమాదం ఎక్కడ?

యంత్రం తప్పును కూడా అంతే నమ్మకంగా నకలు తీస్తుంది. అందుకే ఒకేసారి 500కు మించి తొలగింపులు వస్తే సింక్ ఆగిపోయేలా ముందే అమర్చి ఉంచారు. ఇంకో చిక్కు ఉంది. కంపెనీ డైరెక్టరీలో ఖాతాకు పెట్టిన ‘గడువు తేదీ’ క్లౌడ్‌కు చేరదు. పాస్‌వర్డ్ హ్యాష్ పద్ధతి వాడే చోట, కాంట్రాక్టు ముగిసిన వ్యక్తి ఖాతాకు ఆఫీసులో గడువు తీరిపోయినా క్లౌడ్‌లో అది తెరిచే ఉంటుంది. ఎవరో ఒకరు ఆ ఖాతాను ప్రత్యేకంగా నిలిపివేయాల్సిందే.

మన పాలనకు పాఠం

2014 నాటి కేంద్ర ప్రభుత్వ ఈ-మెయిల్ విధానం ఈ చిక్కును మరో దారిలో ఎదుర్కొంది. పేరు మీద ఒక ఐడీ, హోదా మీద ఒక ఐడీ ఇవ్వవచ్చంది. అధికారి బదిలీ అయితే హోదా ఐడీని తర్వాత వచ్చేవారికి అప్పగించాలి. మన కార్యాలయాల్లో తరతరాలుగా ఉన్న ‘చార్జి అప్పగింత’కు ఇది డిజిటల్ రూపం.

ఈ-గవర్నెన్స్ మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే వేగం గురించి చాలామంది రాస్తారు. జవాబుదారీతనం గురించి రాస్తే సమాధానానికి బరువు వస్తుంది. రెండు జాబితాల మధ్య ఎడం నెలల నుంచి నిమిషాలకు తగ్గింది, కానీ పేరు కొట్టేసే బాధ్యత ఇప్పటికీ మనిషిదే. రిలీవింగ్ ఆర్డర్ తేదీ, ఖాతా మూసిన తేదీ ఒకటేనా? ఏ శాఖనైనా ఆడిట్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.