గోరుగల్లు పోయింది, గోళ్ళ పని తిరిగొచ్చింది

ఈసారి అడపం గురించి రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

మన బళ్ళారిలో ఒక వస్తువుకి తెలుగులోనూ కన్నడంలోనూ ఒకే పేరు ఉండటం వింత కాదు. మనం అడపం అంటాం, వాళ్ళు హడప అంటారు. తాంబూలం సంచికీ అదే పేరు, మన కత్తుల సంచికీ అదే పేరు. 12వ శతాబ్దంలో బసవణ్ణ పక్కనే ఉన్న శరణుడు హడపద అప్పణ్ణ పేరులో ఉన్నదీ ఆ మాటే. మేము నాన్నగారి ఉద్యోగం వల్ల అరవ బడిలో చదువుకున్నాం. అక్కడ మనవాళ్ళని మరుత్తువర్ అంటారు, అంటే వైద్యులు. ఒక్క పని చేసేవాళ్ళకి ఊరు మారితే పేరు ఎంత మారుతుందో చూడండి.

ఆ అడపంలో కత్తి, కత్తెర, సానరాయి, అద్దంతో పాటు గోరుగల్లు ఉండేది. వేలెడు ఇనుప ముక్క, కొన చిన్న ఉలిలా ఉంటుంది. గోళ్ళు తీయడానికి అదే. పెళ్ళిలో వధూవరుల గోళ్ళు తీసేది మనవాళ్ళే, ఆ పూట మేళం ఊదేదీ మనవాళ్ళే. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. అందులో మన మగవాళ్ళు క్షౌరం చేస్తారు, వాద్యం వాయిస్తారు అని, ఆడవాళ్ళు మంత్రసానులు అని రాశాడు. ఆడవాళ్ళ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాం.

మనది తక్కువ పని అని ఎవరైనా అంటే హంపీ వైపు చూపించండి. సదాశివరాయల కాలంలో రాజ్యం నడిపినది అళియ రామరాయలు. బాదామికి చెందిన కొండోజు అనే క్షురకుడు ఆయన్ని మెప్పించి, మనవాళ్ళ మీద ఉన్న పన్నులు తీసేయించాడు. నగలో మాన్యమో తనకోసం అడగకుండా కులానికంతటికీ పన్ను మాఫీ అడిగాడు. శాసనాల్లో ఉన్న మాట ఇది, మేము కల్పించింది కాదు.

తరువాత సంగతి మీకు తెలిసిందే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో చేరింది. అన్నదమ్ములు అటు నాయీబ్రాహ్మణులు అయ్యారు, ఇటు సవితా సమాజం అయ్యారు. ఊరి వాడకం, కళ్ళంలో ఇచ్చే గింజలు పోయాయి. మగవాళ్ళు బజారులో కుర్చీ, అద్దం వేసుకుని సెలూన్ పెట్టుకున్నారు. మాలాంటి కొందరు రైల్వేలో గుమాస్తాలుగా చేరిపోయారు. మరి ఆడవాళ్ళు? కాన్పులు ఆసుపత్రికి పోయాయి, మంత్రసాని పని పోయింది. దాని బదులు వాళ్ళ చేతికి ఇంకో పని ఎవరూ ఇవ్వలేదు. గోరుగల్లునేమో నెయిల్ కట్టర్ మింగేసింది.

ఈ లోపల గోళ్ళ పని సముద్రం అవతల ఇంకో దారి పట్టింది. 1954లో అమెరికాలో స్లాక్ అనే పళ్ళ డాక్టరుకి గోరు విరిగింది. పళ్ళకు వాడే అక్రిలిక్‌తోనే దాన్ని అతికించుకున్నాడు. కట్టుడు గోరు అలా మొదలయింది. దీపం వెలుతురుకి గట్టిపడే జెల్ 1980లలో వచ్చింది. మధ్యలో 1975 ఉంది. సైగాన్ పడిపోయాక కాలిఫోర్నియా శిబిరంలో ఉన్న వియత్నాం ఆడవాళ్ళు టిప్పి హెడ్రన్ అనే సినిమా నటి గోళ్ళు చూసి ముచ్చటపడ్డారు. ఆవిడ తన గోళ్ళమనిషిని పిలిపించి ఇరవై మందికి పని నేర్పించింది. ఇవాళ ఆ దేశంలో గోళ్ళ పని చేసేవాళ్ళలో సుమారు సగం మంది వియత్నాం వాళ్ళే. ఇరవై మందితో మొదలయిన పని అది!

ఇదంతా ఎందుకంటే, మన పిల్లలు ఇద్దరికి జెల్ గోళ్ళ పని నేర్పించడానికి సంఘం నిధి నుంచి డబ్బు అడిగారు. "మళ్ళీ ఒకరి కాళ్ళూ చేతులూ పట్టుకునే పనా" అని కొందరు పెద్దలు బాధపడ్డారు. పెరటి వాకిట కూర్చుని గింజలకు ఎదురుచూసిన తరం వాళ్ళది, ఆ బాధ న్యాయమైనదే. అయితే పెరటి వాకిట కూర్చోబెట్టింది పని కాదు, ఊరు. ఇప్పుడు ఆ పిల్ల కుర్చీలో కూర్చుంటుంది, ధర తను చెబుతుంది, వచ్చినావిడ టైము అడిగి వస్తుంది.

పని కూడా పైపూత అనుకోకండి. మేము పక్కన కూర్చుని చూశాం. ముందు గోరు మూలన చర్మాన్ని మెల్లగా వెనక్కి తోసి, గోరు మీద నూనె, తడి లేకుండా తుడవాలి. లేకపోతే జెల్ వారానికే లేచిపోతుంది. పలచగా ఒక పూత వేసి దీపం కింద పెట్టాలి. ఆ తరువాతే అసలు కట్టుబడి. జెల్‌ని అంతా ఒకే మందంగా పరచరు. గోరు వేలిని వదిలి బయటకు వచ్చే చోటే దెబ్బంతా పడుతుంది కనుక అక్కడ మట్టం కాస్త పైకి లేపుతారు, కొనకి పలచబరుస్తారు. రైల్వే వాళ్ళకి చెప్పాలంటే ఇది ఆర్చి వంతెన లెక్క. బరువు పడే చోట బలం ఉండాలి, మిగతా చోట బరువు ఉండకూడదు. అడ్డంగా చూసినా కమాను వంపు ఉండాలి. గోరు ఎంత పొడుగయితే ఆ వంపు అంత సరిగా కుదరాలి. చివరికి ఆకురాయితో పక్కలు రెండూ సమంగా తీస్తారు. గోరుగల్లు పట్టిన చెయ్యికి ఈ లెక్క కొత్త కాదు.

పిల్లల్ని పంపే ముందు నేర్పేవాళ్ళని రెండు మూడు అడగండి. జెల్ చర్మానికి తగలకుండా వేయడం నేర్పుతారా? పచ్చి జెల్ పదేపదే తగిలితే దద్దుర్లు వస్తాయి, ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలవు. రేపు పంటికి సిమెంటు పెట్టించుకోవాలన్నా ఇబ్బందే, అందులోనూ అదే జాతి పదార్థం ఉంటుంది. పాత జెల్ పీకకుండా రాకడం, నానబెట్టడం చూపిస్తారా? పీకితే గోరు పొరలు కూడా లేచొస్తాయి. సీసా మీద టిపిఓ అని ఉందేమో చూడమనండి. 2025 సెప్టెంబరు 1 నుంచి యూరోపులో దాన్ని సౌందర్య సామగ్రిలో నిషేధించారు. జెల్ ఒక కంపెనీది, దీపం ఇంకో కంపెనీది కొనిపిస్తే ఒప్పుకోవద్దు. పైన గట్టిపడినట్టే ఉంటుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది.