వేమవరపు రాతిలో కోనిఫరు, మామిడికొమ్మపై ఆర్కిడ్

నేడు గుంటూరు, ప్రకాశం మైదానములలో కనుచూపు మేర ప్రత్తి, మిరప చేలే. దేవదారు, పైను వంటి శంకువులు కాచే కోనిఫరు వృక్షములు ఇచ్చట సహజముగా పెరుగవు. తీరపు ఇసుకనేలల్లోని సరుగుడును చూచి కొందరు పొరబడతారు. కాని అది పుష్పించే మొక్కయే. అయినను ఈ నేల ఒకప్పుడు కోనిఫరుల నేల. అందుకు సాక్ష్యము ఒంగోలు ప్రాంతమున వేమవరపు షేలు అను పొరరాళ్లలో ఉన్నది.

భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన రాబర్టు బ్రూస్ ఫూట్ ఈ తీరమును పరిశీలించి వ్రాసిన నివేదిక, ఇచ్చటి వృక్షశిలాజములపై ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ వ్రాసిన గ్రంథము 1879లో వెలువడినవి. ఆ రాతిపొరలలో ఫెర్నులు, సైకాడులను పోలిన మొక్కల ఆకులతోపాటు కోనిఫరు కొమ్మల ముద్రలు ఉన్నవి. అదే రాళ్లలో అమ్మోనైటులను సముద్రజీవుల గుల్లలు కూడ ఉండుటచే, తీరపు అడవినుండి కొట్టుకొనివచ్చిన ఆకులు సముద్రపు బురదలో పూడిపోయినవని తెలుస్తున్నది. అది పది కోట్ల సంవత్సరములకు పూర్వపు మాట.

ఇక ఆర్కిడ్ సంగతి. ఆంధ్రతీరమున మామిడి మొదలగు చెట్ల కొమ్మలపై పెరిగే వాండా టెస్సెలేటా ఒక అడవి ఆర్కిడ్. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో తన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ గ్రంథమున 1795లో దీనిని ఎపిడెండ్రం ప్రజాతి క్రింద చిత్రముతో సహా వర్ణించినాడు. 1820లో రాబర్టు బ్రౌన్ దీని ఆధారముగానే వాండా ప్రజాతిని ఏర్పరచినాడు. చెట్టుపై పెరుగుటచే దీనిని బదనికగా భావించుట కద్దు. కాని అసలు బదనిక చెట్టు రసమును పీల్చును. వాండాకు కొమ్మ ఆధారము మాత్రమే. వ్రేలాడు వేళ్లతో వాననీటిని, మంచును గ్రహించి, తన ఆహారమును తానే తయారుచేసికొనును.

రెండింటి జీవితవిధానము వేరు. కోనిఫరు విత్తనము శంకువు పొలుసుపై నగ్నముగా ఉండును. దాని పుప్పొడిని గాలి మోయును గనుక విస్తారముగా వెదజల్లక తప్పదు. ఆర్కిడ్ తన పుప్పొడిని ముద్దగా కట్టి కీటకమునకు అంటించును. ఒక్క ముద్ద చేరిన చాలు, ఒకే కాయలో వేలకొలది విత్తనములు ఏర్పడగలవు. కోనిఫరు విత్తనములో పిండమునకు ఆహారము నిలువ ఉండును. ధూళివంటి ఆర్కిడ్ విత్తనములో అది దాదాపు శూన్యము. ప్రకృతిలో శిలీంధ్రపు తోడు లేనిదే అది మొలకెత్తదు. కనుక ముందు వచ్చినది తక్కువ, వెనుక వచ్చినది ఎక్కువ అనుట సరికాదు.

చరిత్రలో మిగులుటయందు మాత్రము వీటికి భేదమున్నది. బురదలో పడిన గట్టి ఆకు రాతిలో ముద్రగా నిలిచినది. కొమ్మపై పెరిగే ఆర్కిడ్‌కు ఆ అవకాశము అరుదు; ప్రపంచమంతటను ఆర్కిడ్ శిలాజములు బహుస్వల్పము. పొలము గట్టున ముసలి మామిడిని కొట్టివేసినచో, దానిపై నున్న వాండాకు ఏ రాయియు సాక్ష్యము చెప్పదు. రాక్స్‌బరో అచ్చువేయించిన బొమ్మ వంటి కాగితమే మిగులును.