నెలతక్కువ పసికందులకు ప్రోబయోటిక్స్

2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో, అందులోనూ నెలలు నిండకుండా పుట్టిన శిశువుల పేగుల్ని కాపాడేందుకు పాలతో కలిపి ఇచ్చే మేలుచేసే బ్యాక్టీరియా. వీటితో ప్రధానంగా అడ్డుకోవాలని చూసేది పేగు గోడ కుళ్లిపోయే ఎన్‌ఈసీ అనే జబ్బు. బిడ్డ పొట్ట ఉబ్బి బిగుసుకుంటుంది, తాగిన పాలు పచ్చగా బయటికొస్తాయి, మలంలో నెత్తురు కనిపిస్తుంది. ఎక్స్‌రేలో పేగు గోడలోనే గాలి బుడగలు తేలుతాయి. ఎడపల్లి లాంటి పల్లెలో ఈ గుర్తులు కనబడితే తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మన పొరుగున ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,500 మందికి పైగా శిశువులకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరను కలిపి వారం రోజులిచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. 2017లో ‘నేచర్’ ప్రచురించిన ఈ ఫలితం గొప్పదే. అయితే వాళ్లు 2 కిలోలు, ఆపైన ఉన్న పిల్లలు. మరీ చిన్న బిడ్డలకు దీన్ని యథాతథంగా వర్తింపజేయలేం.

అన్ని బ్యాక్టీరియాలూ ఒకటి కావు. 2016లో ప్రచురితమైన బ్రిటన్ పరీక్షలో బైఫిడోబ్యాక్టీరియం బ్రీవే ఎన్‌ఈసీని తగ్గించలేదు. ప్రోబయోటిక్ బ్యాక్టీరియాయే రక్తంలో చేరి ఒక శిశువు చనిపోవడంతో 2023లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసింది. 32 వారాల లోపు పుట్టి, తల్లిపాలు తాగే బిడ్డలకు ఇవ్వడాన్ని పరిశీలించవచ్చని మాత్రమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మందుల షాపులో పొట్లం కొని ఇంట్లో పట్టించడం ప్రమాదం. ముర్రుపాలు, తల్లిపాలే ఎన్‌ఈసీకి మొదటి అడ్డుకట్ట.