ఏలూరు గడియారంలో మద్రాసు సెకన్లు

పాత లినక్స్ వేసి ఉన్న కంప్యూటర్‌ని పట్టుకుని, 1905లో ఏదో ఒక రోజున మన దేశపు టైము గ్రీనిచ్ కన్నా ఎంత ముందు ఉండేదో అడగండి. 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లు అంటుంది. ఇవాళ్టి లినక్స్‌ని అదే రోజు గురించి అడిగితే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు అంటుంది. ఒకే ప్రశ్నకి రెండు జవాబులు, మధ్యలో 32 నిమిషాల 10 సెకన్ల తేడా. నూరేళ్ల కిందట గడిచిపోయిన రోజు, ఆపరేటింగ్ సిస్టమ్ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి అరగంటకు పైగా జరిగిందన్న మాట. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటినుంచీ ఆ సెకన్ల వెంట పడ్డాను.

పాత మెషీన్ చెప్పేది కలకత్తా టైము, కొత్తది చెప్పేది మద్రాసు టైము. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు అన్నీ ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి మన వరకు కొత్త జవాబే సరైనది. మరి పాతది అలా ఎందుకు చెప్పింది? దేశం మొత్తానికీ కంప్యూటర్లో ఉన్నది ఒకటే పేరు, 'ఏషియా/కల్‌కట్టా'. టైముల దస్త్రంలో ఆ పేరు కింద ఒక్క ఊరి చరిత్రే రాసుకున్నారు. మద్రాసు టైము ఆ దస్త్రంలోకి తర్వాత చేరింది.

ఆ దస్త్రాన్ని 1980లలో మొదలుపెట్టింది ఆర్థర్ డేవిడ్ ఓల్సన్. తర్వాత దాన్ని పెంచి పోషించింది పాల్ ఎగర్ట్. ఏ దేశం ఏ తేదీన గడియారాన్ని ఎంత జరిపిందో వరుసగా రాసి పెట్టిన పట్టిక అది. లినక్స్, మాక్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే చదువుకుంటాయి. అందులోని పాత తేదీల్లో చాలా భాగం థామస్ షాంక్స్ అనే ఆయన జ్యోతిష్కుల కోసం తయారుచేసిన అట్లాస్‌ నుంచి వచ్చాయి. జాతకం వెయ్యాలంటే పుట్టిన ఊళ్లో ఆ రోజు గడియారం ఎలా నడిచిందో తెలియాలి. ఆ లెక్క ప్రపంచంలో అందరికన్నా శ్రద్ధగా పెట్టుకున్నది జ్యోతిష్కులే. 2011 సెప్టెంబరులో ఆ అట్లాస్ హక్కులు తమవంటూ ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ సంస్థ ఓల్సన్, ఎగర్ట్‌ల మీద కేసు వేసింది. గడిచిపోయిన టైము మీద ఎవరికీ హక్కు ఉండదని గట్టి వాదన లేచింది. 2012 ఫిబ్రవరిలో సంస్థ కేసు వెనక్కి తీసుకుంది. ఈలోగా పట్టిక బాధ్యతను అయానా చేపట్టింది. ఇంటర్నెట్‌లో పేర్లూ నంబర్లూ చూసే సంస్థ అది.

ఇదంతా తెర వెనక కథ. ఏలూరులో మనకి టైమ్‌జోన్ అనేది కళ్లెదుట కనిపించింది విండోస్ ఎక్కించేటప్పుడే. ఆ రోజుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

1998 నుంచి ఓ పదేళ్లపాటు ఆర్.ఆర్.పేటలో, పవర్‌పేటలో, తాడేపల్లిగూడెంలో డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు, హార్డ్‌వేర్ షాపులు వీధికి రెండు చొప్పున వెలిశాయి. సిస్టమ్ మొరాయిస్తే మందు ఒకటే, ఫార్మాట్ కొట్టించడం. కుర్రాడు బూట్ ఫ్లాపీ, విండోస్ 98 సీడీ, మదర్‌బోర్డు డ్రైవర్ల సీడీ సంచిలో వేసుకుని వచ్చేవాడు. 25 అక్షరాల కీ సీడీ కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేది. ఎక్స్‌పీ వచ్చాక ఫ్లాపీ గోల తగ్గింది గానీ ఇంకో గోల మొదలైంది. సాటా హార్డ్ డిస్కులున్న కొత్త మెషీన్లలో ఎక్స్‌పీ సీడీ పెడితే డిస్కే కనపడేది కాదు, లేదా సగంలో నీలి తెర వచ్చేది. బయాస్‌లోకి వెళ్లి డిస్కు పద్ధతిని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిస్తే గానీ పని జరిగేది కాదు. లేకపోతే ఎఫ్6 నొక్కి డ్రైవరున్న ఫ్లాపీ పెట్టాలి. ఆ మెషీనుకి ఫ్లాపీ డ్రైవే ఉండేది కాదు.

ఇవన్నీ దాటి, ఇంకా 39 నిమిషాలు అని చూపించే మెట్టుకి వచ్చాక, మధ్యలో ఒక చిన్న తెర వచ్చేది. తేదీ, టైము, వాటి కింద టైమ్‌జోన్ పెట్టె. అందులో ముందుగానే పెట్టి ఉన్నది పసిఫిక్ టైము, గ్రీనిచ్‌కి 8 గంటలు వెనక. అది విండోస్ పుట్టిన సియాటిల్ వైపు టైము. బాణం గుర్తు నొక్కి చాలా కిందకి దిగితే చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఒక వరుస ఉంటుంది. ఆ వరుస దాకా దిగే ఓపిక అందరికీ ఉండేది కాదు. నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోయేవారు. మూలన గడియారం తప్పు చూపిస్తే దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి అంకెలు మాత్రం సరిచేసేవారు. కంటికి టైము కరెక్టే. లోపల మాత్రం ఆ సిస్టమ్ కాలిఫోర్నియాలో ఉండేది.

దాని ఫలితం రెండు చోట్ల బయటపడేది. మొదటిది అక్టోబరు ఆఖరి ఆదివారం. అమెరికాలో 2006 దాకా ఆ తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పేవారు. సోమవారం పొద్దున షాపు తీసి సిస్టమ్ ఆన్ చేస్తే, డేలైట్ సేవింగ్ వల్ల మీ గడియారం మార్చాను, ఒకసారి సరిచూసుకోండి అన్న అర్థంతో ఒక పెట్టె ప్రత్యక్షం. ఏలూరులో డేలైట్ సేవింగ్ ఏమిటో ఎవరికి తెలుసు? ఓకే కొట్టేసి, గంట వెనక పడ్డ టైముని మళ్లీ చేత్తో ముందుకు తిప్పేవారు. ఏప్రిల్ మొదటి ఆదివారం అదే వరస తిరగబడేది.

రెండోది ఈమెయిల్. అవి మన పిల్లలు అమెరికాకి వరుసకట్టిన వైటూకే రోజులు. ఇంట్లో కొన్న కంప్యూటర్లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ పెట్టి, పొద్దున్న 10 గంటలకి కొడుక్కి మెయిల్ రాస్తే, ఆ 10 గంటలు పసిఫిక్‌వి అని మెషీన్ ముద్ర వేసి పంపేది. అంటే చలికాలమైతే మన లెక్కలో రాత్రి పదకొండున్నర. ఉత్తరం 13 గంటల 30 నిమిషాలు భవిష్యత్తులోంచి వచ్చినట్టు అబ్బాయి మెయిల్ పెట్టెలో అన్నిటికన్నా పైన కూర్చునేది. దాని తర్వాత వచ్చిన మెయిళ్లు కిందకి పోయేవి.

టైమ్‌జోన్ ఎంచుకునే ఆ తెర వెనక ప్రపంచ పటం ఒకటి ఉండేది, గుర్తుందా? దానికీ మన దేశంతో పెద్ద పేచీ. విండోస్ 95 పటంలో మనం ఎంచుకున్న టైమ్‌జోన్ ప్రాంతం వేరే రంగులో వెలిగేలా చేశారు. అందులో కశ్మీర్ దగ్గర రంగు మన దేశంతో కలవలేదు. మైక్రోసాఫ్ట్‌లో పటాల వ్యవహారాలు చూసిన టామ్ ఎడ్వర్డ్స్ లెక్క ప్రకారం 8 లక్షల చుక్కల్లో 8 చుక్కలు వేరే ఆకుపచ్చలో ఉన్నాయి. ఆ ఎనిమిది చుక్కల కోసం 2 లక్షల కాపీలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పెరూ, ఈక్వడార్‌లకీ ఇలాంటి సరిహద్దు తగవే ఉండటంతో, చివరికి ప్రాంతం వెలగడం అన్న ముచ్చటే తీసేశారు. పటం మిగిలింది, అందులో మనం ఎక్కడున్నామో చూపించే వెలుగు పోయింది. నాకైతే అది పెద్ద నష్టమే. కొల్లేటి పక్క పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి భూమి గుండ్రంగా ఉండటానికీ, వాడి చేతిలోని గడియారానికీ సంబంధం చూపించిన మొదటి బొమ్మ అది.

బ్యాటరీ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే చాలా మెషీన్లు 1980 జనవరి 1కి వెళ్లిపోయేవి, ఎందుకంటే డాస్ లెక్కలో కాలం ఆ రోజే పుట్టింది. ఆకివీడు వైపు ఒక చేపల వ్యాపారి ఆఫీసులో, హౌరా వెళ్లే లోడు బిల్లు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద గరగరలాడుతూ బయటికొచ్చింది. తేదీ చూసి ఆయన, "అబ్బాయ్, 1980లో మాకు చెరువెక్కడిదయ్యా, అప్పటికది వరి చేనే" అన్నాడు. గుమస్తా తేదీ కొట్టేసి పెన్నుతో రాసి లారీని పంపించాడు. బ్యాటరీ వెల తక్కువే, సీపీయూ డబ్బా విప్పి మార్చేవాడే దొరకాలి.

ఎక్స్‌పీలో ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకునే వీలు వచ్చింది. కానీ తేదీ మరీ దూరం పోయి ఉంటే, భద్రత దృష్ట్యా కుదరదు, ముందు తేదీ సరిచేయండి అని అది తిప్పి పంపేది. అందుకే తెలిసినవాళ్లు ఒక వరుస పాటించేవారు. మొదట బ్యాటరీ, తర్వాత టైమ్‌జోన్, ఆ పైన తేదీ, అన్నీ అయ్యాకే నెట్. అదే మెషీన్లో లినక్స్ కూడా వేసుకుంటే ఇంకో తలనొప్పి. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన టైము రాస్తుంది, లినక్స్ గ్రీనిచ్ టైము అనుకుని చదువుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడల్లా కచ్చితంగా ఐదున్నర గంటల తేడా. 2008లో ఓల్సన్ పట్టికలో కల్‌కట్టా పేరు కోల్‌కతాగా మారాక, కొత్త పేరు పాత సర్వర్లకి తెలియలేదు. తెలియని పేరు ఇస్తే అవి నోరెత్తకుండా గ్రీనిచ్ టైముకి పోయేవి.

విండోస్ 95 జాబితాలో మద్రాసు అనే పేరు ఉండేది, తర్వాతి వాటిల్లో చెన్నై అయింది. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒక రాతి స్తంభం గుర్తొస్తుంది. 1792లో మద్రాసు నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ కట్టించిన అబ్జర్వేటరీలో, పరికరం కదలకుండా నిలబెట్టడానికి వేసిన నల్లరాతి స్తంభం. దాని మీద తెలుగులో కూడా శాసనం చెక్కారు. ఆ అబ్జర్వేటరీ నిర్మాణాన్ని నడిపిన మైఖేల్ టాపింగ్ మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీళ్లు పారించే వీలు కోసం సర్వే చేస్తూ తిరిగినవాడే. 1796లో మచిలీపట్నంలో జ్వరంతో పోయాడు. ఆయన తర్వాత జాన్ గోల్డింగ్‌హామ్ నక్షత్రాలు చూసి 1802లో మద్రాసు రేఖాంశం తేల్చాడు. కంప్యూటర్ పట్టికలో ఉన్న 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లకి పునాది ఆ పనే.

రైళ్లు వచ్చాక ఊరికో టైము పెట్టుకుంటే నడవదు కాబట్టి, 1870 నుంచి దేశంలోని రైళ్లు మద్రాసు టైము పట్టుకున్నాయి. బెజవాడ నుంచి ఏలూరు, గూడెం మీదుగా కటకం దాకా లైను 1893-96 మధ్య పడింది. అంటే ఏలూరు స్టేషన్‌లో మొట్టమొదటి గడియారం మద్రాసుదే. అంతకు ముందు ఈ గట్ల మీద అరవై గడియల పగలూ రాత్రీ, ఎనిమిది జాములు, గుడి గంట. 1906 జనవరి 1న 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం ఆధారంగా దేశమంతటికీ ఒక టైము పెట్టారు. మద్రాసు టైము మీద నడిచే గడియారాల్లోంచి 8 నిమిషాల 50 సెకన్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ టైము వదలమని పంతం పట్టాయి. మనవాళ్లు పంతం పట్టిన దాఖలా లేదు. పట్టి ఉంటే బాగుండేది.

1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా ఇంకో గంట ముందుకు జరిపారు, యుద్ధం పేరుతో. 1942 ఏప్రిల్లోనే కాకినాడ, విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. తాడేపల్లిగూడెంలో రన్‌వే ఆ యుద్ధకాలపుదే. ఆ మూడేళ్లలో పుట్టినవాళ్ల జాతకం వెయ్యాలంటే సిద్ధాంతిగారు ఇప్పటికీ గంట తీసేసి లెక్క కడతారు. ఇక్కడే కంప్యూటర్ పట్టికా, పంచాంగమూ ఒకే మాట మీద ఉంటాయి.

మనం పోగొట్టుకున్నది ఏలూరు సొంత మధ్యాహ్నం. ఏలూరు దాదాపు 81.1 డిగ్రీల మీద ఉంది కాబట్టి ఇక్కడి సూర్యుడి లెక్క దేశపు గడియారం కన్నా సగటున 5 నిమిషాల 36 సెకన్లు వెనక. గూడెంలో దాదాపు 4 నిమిషాలు. ఆ పైన భూమి నడక వల్ల వచ్చే హెచ్చుతగ్గులు. నవంబరు మొదట్లో ఏలూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 11 గంటల 49 నిమిషాలకే, ఫిబ్రవరి నడుమ 12 గంటల 20 నిమిషాలకి. దేశపు గడియారం సగటు సూర్యుడితో కలిసేది అన్నవరానికీ తునికీ మధ్య, ఆ 82 డిగ్రీల 30 నిమిషాల గీత దగ్గర. అన్నవరం కొండ మీద నీడ గడియారం కూడా ఉంది. హౌరా వెళ్లే మన చేపల లారీలు రోజూ ఆ గీత దాటుతాయి, అక్కడ ఒక రాయి గానీ బోర్డు గానీ నాకు కనిపించలేదు.

కంప్యూటర్ జాబితాలో ఏలూరు పేరు ఎప్పటికీ రాదు. 1970 తర్వాత గడియారం వేరుగా నడిచిన చోట్లకే అందులో సొంత పేరు ఇస్తారు. కానీ రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాస్తూనే ఉన్నారు కదా. దాని పక్కనే ఇంకో వరుస రాయడానికి చోటుంది. ఏలూరులో 5 నిమిషాల 36 సెకన్లు, తాడేపల్లిగూడెంలో దాదాపు 4 నిమిషాలు, తునిలో దాదాపు సున్నా. రైల్వేవారు రాయకపోతే బడి పిల్లల చేత మన బడి గోడల మీద రాయిద్దాం.